ఉభయకుశలోపరి

తెలుగునాట ఉత్తరాలు వ్రాసుకొనే కాలంలో మొదటి పంక్తికి ఒక కట్టుబాటు ఉండేది. "ఉభయకుశలోపరి" అని ఆరంభించి, ఇచ్చట మేమందరము క్షేమము, అచ్చట మీ క్షేమసమాచారములు తెలుపగలరు అని వ్రాసిన పిమ్మటనే అసలు సంగతిలోకి దిగేవారు. మా ఇళ్లలో ఉర్దూలో వ్రాసే ఉత్తరాలకు కూడ ఇదే మర్యాద. సలాము తరువాత ఖైరియత్, ఖైరియత్ తరువాతనే ఖబరు. నేటి విద్యార్థికి ఈ పంక్తి వట్టి లాంఛనంగా తోచవచ్చు. చెప్పవలసిన విశేషం లేనప్పుడు పోస్టుకార్డు ఖర్చు ఎందుకని అడుగవచ్చు. కాని దూరాన కూర్చున్న తల్లికి ఆ ఒక్క పంక్తియే ఉత్తరమంతా. విశేషమేమీ లేదన్న సంగతి కూడ, ఎవరో ఒకరు వ్రాసి పంపితేనే తెలుస్తుంది. ఉత్తరం రాని నెలలో ఆ తల్లి "వాడు బాగానే ఉండి ఉంటాడులే" అనుకొని నిద్రపోయేది కాదు.

ఈ పాత మర్యాదను యంత్రాలకు నేర్పే పద్ధతి ఒకటి నేడు వాడుకలో ఉన్నది. దానిని గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచాము. తెలుగు చెప్పుకొనే మాకు ఈ విషయంతో పని ఏమిటని కళాశాల సంఘం పెద్దలకు సందేహం కలుగవచ్చు. మా కంప్యూటరు శాఖ విద్యార్థులు తమ ప్రయోగపాఠానికి తెలుగులో ఒక చిన్న వివరణపత్రం తయారుచేయబూని, పారిభాషిక పదాల కోసం మా వద్దకు వచ్చారు. "కస్టమ్ మెట్రిక్ అనేదానికి తెలుగుమాట ఏమిటి సార్?" అని అడిగారు. సొంత కొలత అంటే సరిపోతుందన్నాము. మాట దొరికినంత మాత్రాన వారు మమ్మల్ని వదలలేదు. ఆ కొలత ఏమిటో, ఎందుకో చూడమని ప్రయోగశాలలో కూర్చోబెట్టారు. రెండు వారాల సాయంకాలాలు అక్కడ కూర్చున్న ఫలితమే ఈ వ్యాసం.

సంగతి మొదటినుండి చెప్పుకోవాలి. కంప్యూటరును కొని గదిలో పెట్టుకొనుటకు బదులు, దూరాన ఉన్న పెద్ద యంత్రశాలలో గంటల లెక్కన అద్దెకు తీసుకొనే ఏర్పాటును అమెజాన్ సంస్థ 2006లో ప్రారంభించినది. ఇటువంటి ఏర్పాటుకే లోకంలో క్లౌడ్ అని పేరు. మేఘమనే మాట విని ఆకాశంవైపు చూడనక్కరలేదు. ఆ యంత్రాలు నేలమీదనే, కరెంటు తీగలకు, చల్లబరచే పరికరాలకు నడుమ ఉన్నాయి. మనదేశంలో ఆ సంస్థ 2016లో ముంబయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను తన యంత్రశాలల సముదాయాలను తెరిచినది. అద్దెకిచ్చిన యంత్రాల పరిస్థితిని కనిపెట్టి ఉండుటకు 2009లో క్లౌడ్‌వాచ్ అనే సేవను చేర్చినది. వేళ తప్పక కొలతలు స్వీకరించి, వాటిని రేఖాచిత్రాలుగా చూపి, హద్దు మీరినప్పుడు హెచ్చరిక పంపుట దాని పని. సంస్థవారు తీసే కొలతలు గాక, వాడుకదారు తన సొంత కొలతలను కూడ పంపుకొనే వీలు 2011లో కలిగినది. అందుకు నల్లని తెరమీద టైపు చేసే ఒక్క ఆజ్ఞావాక్యం చాలును.

సంస్థవారి కొలతలు ఉండగా సొంత కొలత ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం అద్దె ఇంటిలో ఉన్నవారికి సులభంగా బోధపడుతుంది. ఇంటి యజమాని వాకిట నిలిచి కరెంటు మీటరు ఎంత తిరిగినదో చూడగలడు. నీళ్లు ఎంత వాడారో చెప్పగలడు. లోపల వంటింటిలో బియ్యం ఉన్నాయో, నిండుకున్నాయో ఆయనకు తెలియదు. తెలిసికొనుటకు తలుపు తీసుకొని లోపలికి రావడం మర్యాద కూడ కాదు. అద్దె యంత్రం విషయమూ అంతే. ప్రాసెసరు ఎంత శ్రమపడుతున్నదో, తీగవెంట ఎంత సమాచారం వచ్చిపోతున్నదో సంస్థ బయటనుండి కొలుస్తుంది. లోపల మెమరీ ఎంత వాడకంలో ఉన్నది, డిస్కులో ఇంకెంత చోటు మిగిలినది అనేవి బయటికి కనిపించవు. మన ఇళ్లలో బియ్యం అయిపోయినవని నోట అనలేక "నిండుకున్నాయి" అంటాము. యంత్రానికి నిజంగా నిండుటయే ఆపద.

మెమరీని, డిస్కును చూచి పంపే ఏజెంటు అనే కార్యక్రమాన్ని సంస్థవారే సిద్ధంగా ఇస్తున్నారు. దానిని యంత్రంలో స్థాపించుకుంటే ఆ రెండు కొలతలు అందుతాయి. కాని రాత్రి తీయవలసిన నకలు తీయబడినదా, ఎన్ని దరఖాస్తులు సరిచూడకుండా ఉన్నవి, నేడు ఎందరి ఫీజు రశీదులు తయారైనవి అనే ప్రశ్నలకు ఏ ఏజెంటూ తనంతట సమాధానం చెప్పలేదు. అవి ఆ ఇంటివారి సొంత సంగతులు. ఇంటివారే చెప్పుకోవాలి.

మా కళాశాలలో జరిగిన ఒక సంగతి చెబితే ఈ భేదం స్పష్టమవుతుంది. ఉపకారవేతనాలకు దరఖాస్తు చేసే విద్యార్థులు ఆదాయ ధ్రువపత్రం, మార్కుల పట్టిక, బ్యాంకు పుస్తకం మొదటి పుట మొదలైన వాటి ఛాయాప్రతులను కళాశాల అద్దెకు తీసుకొన్న యంత్రానికి పంపుతారు. కార్యాలయంవారు వాటిని సరిచూసి పైకి పంపుతారు. ఒక యేడు గడువుకు ఇంక తొమ్మిది దినాలు ఉన్నదనగా ఆ యంత్రంలో నిలువచోటు నిండిపోయినది. అది మొదలు వచ్చిన ప్రతి పత్రం పేరు మాత్రం నమోదై, లోపల అక్షరం లేక, సున్న పరిమాణంతో నిలిచిపోసాగినది. విద్యార్థికి "చేరినది" అని కనిపించేది. కార్యాలయంలో తెరవబోతే పత్రం తెరుచుకొనేది కాదు. బయటి రేఖాచిత్రాలు చూసినవారికి యంత్రం మహాప్రశాంతంగా కనిపించినది. పని జరగని చోట శ్రమ ఎక్కడిది? ప్రాసెసరు రేఖ మామూలు కంటె కిందికే దిగి ఉన్నది.

పల్లెనుండి రెండు బస్సులు మారి వచ్చే డిగ్రీ మూడవ సంవత్సరం విద్యార్థిని ఒకతె మూడు పర్యాయాలు కార్యాలయానికి వచ్చినది. "ఇంకోసారి పంపు బేటీ, వచ్చేస్తుంది" అని గుమాస్తా ఆదరంగానే చెప్పాడు. ఆమె "అలాగే సార్" అని వెళ్లి మళ్లీ పంపినది. ఎందుకు రావడం లేదో చూడండని గట్టిగా అడుగలేదు. పెద్దల ఎదుట గొంతు పెంచరాదని ఇంటిలో నేర్చిన పిల్ల. అయిదవనాడు కారణం బయటపడినది. మిగిలిన నాలుగు దినాలలో అందరికీ కబురు పంపి పత్రాలు తిరిగి తెప్పించారు. ఇద్దరికి మాత్రం సమయానికి కబురు అందలేదు. ఆ ఇద్దరిలో ఆమె ఒకతె. ఉపకారవేతనం రాక ఆమె ఆ యేడు పరీక్ష ఫీజు కట్టలేదు. ఆ సంగతి అధ్యాపకులమైన మాకు తెలిసేసరికి ఫీజు గడువు కూడ దాటిపోయినది. ఆ తరువాతనే కంప్యూటరు శాఖవారు సొంత కొలతల పనికి పూనుకొన్నారు.

ఇక ఆ ఆజ్ఞావాక్యం. విద్యార్థులు దానిని తెరమీద చూపినప్పుడు మాకు మొదట కనిపించినది వ్యాకరణమే. "ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌వాచ్ పుట్-మెట్రిక్-డేటా" అని మూడు మాటలతో వాక్యం మొదలవుతుంది. మొదటిది సంబోధన, అమెజాన్‌వారి ఆజ్ఞల పరికరాన్ని పిలుచుట. రెండవది ఏ సేవతో పని ఉన్నదో చెప్పుట. మూడవది క్రియ, "కొలతను ఉంచుము" అనే విధ్యర్థకం. ఆపైన రెండేసి అడ్డగీతలు ముందుంచుకొని వరుసగా వచ్చేవి నేమ్‌స్పేస్, మెట్రిక్-నేమ్, డైమెన్షన్స్, వాల్యూ, యూనిట్ అనేవి. వీటిని ఇంటిపేరు, పేరు, విశేషణాలు, విలువ, మానం అని చెప్పుకొంటే మన పిల్లలకు చిక్కు ఉండదు.

నేమ్‌స్పేస్‌ను ఇంటిపేరు అనుటలో అతిశయోక్తి లేదు. తెలుగువారిలో ఇంటిపేరు ముందు, పేరు తరువాత. మాలో కూడ షేక్, సయ్యద్ మొదలైనవి ఆ స్థానంలోనే ముందు నిలుస్తాయి. రెండు ఇళ్లలో ఒకే పేరుగల పిల్లలు ఉన్నా ఇంటిపేరు వలన పొరపాటు రాదు. అట్లే కార్యాలయం యంత్రపు "డిస్క్‌యూజ్డ్", గ్రంథాలయం యంత్రపు "డిస్క్‌యూజ్డ్" వేరువేరుగా నిలుస్తాయి. "ఏడబ్ల్యూఎస్" అనే మాటతో, దాని వెంటనే ఒక ఏటవాలు గీతతో ఆరంభమయ్యే ఇంటిపేర్లు మాత్రం సంస్థ తన కొలతల కోసం ఉంచుకొన్నది. వాటిని మనం పెట్టుకొనరాదు.

పేర్లు పెట్టుటలో జాగ్రత్త అవసరం. ఆంగ్లంలోని పెద్ద అక్షరానికి, చిన్న అక్షరానికి ఇక్కడ భేదం పాటిస్తారు. "బ్యాకప్" అనే మాటను ఒకనాడు పెద్ద అక్షరంతో, మరునాడు చిన్న అక్షరంతో ఆరంభిస్తే అవి రెండు కొలతలవుతాయి. మన లిపిలో పెద్ద చిన్న అక్షరాలు లేవు కాబట్టి తెలుగు మాధ్యమంనుండి వచ్చిన విద్యార్థి దీనిని తేలికగా తీసుకొంటాడు. "కల"కు దీర్ఘమిస్తే "కాల" అయినట్లే ఇదియూ అని చెబితే వెంటనే గ్రహిస్తాడు. పైగా ఒకసారి పంపిన కొలతను చెరిపివేసే ఆజ్ఞ లేదు. తప్పు పేరుతో చేరినది పదిహేను నెలలు గడచి తనంతట తొలగిపోవలసిందే.

విశేషణాల విషయంలో సంఘం పెద్దలు కూడ గమనించవలసిన సంగతి ఉన్నది. ఒకే కొలతకు ఇచ్చే విశేషణాల ప్రతి వేరు కూర్పును ఆ సేవ వేరు కొలతగా లెక్కిస్తుంది, ఆ లెక్కనే రుసుము వేస్తుంది. ఏ యంత్రం, ఏ శాఖ అనే విశేషణాలు నాలుగైదు ఉంటే ఇబ్బంది లేదు. ఉత్సాహవంతుడైన విద్యార్థి ఒకడు హాల్‌టిక్కెట్టు సంఖ్యను విశేషణంగా పెడదామన్నాడు. అయిదువందల మంది విద్యార్థులు ఉంటే అయిదువందల కొలతలై కూర్చుంటాయి. ఖర్చు మాట అట్లుండగా, ఒక విద్యార్థి ఆదాయపత్రం ఇచ్చినదీ లేనిదీ ఊరివెలుపలి యంత్రశాలలో వ్రాసి ఉంచుట మర్యాద కాదు. ఎందరి పత్రాలు మిగిలి ఉన్నవో సంఖ్య పంపితే చాలును. ఎవరివో అనేది కార్యాలయం దస్తరంలోనే ఉండాలి.

వేళ గూర్చి కూడ చెప్పాలి. వేళ చెప్పకుండా పంపితే సేవ తాను స్వీకరించిన క్షణాన్నే వేళగా వ్రాసుకొంటుంది. మనమే చెప్పదలిస్తే ప్రపంచ ప్రామాణిక కాలంలో చెప్పాలి. మన గడియారం దానికంటె అయిదున్నర గంటలు ముందు. మన గడియారం చూసి పదకొండు గంటలని వ్రాసి దానినే ప్రామాణిక కాలమంటే, అది ఇంకా రాని వేళ అవుతుంది. రెండు వారాల కంటె పాతవి, రెండు గంటల కంటె ముందువి అయిన వేళలను ఆ సేవ అంగీకరించదు. అయిదున్నర గంటల ముందునాటి వార్తను ఎవరు మాత్రం నమ్ముతారు?

ఆజ్ఞను చేతితో ఒకసారి టైపు చేసి ఊరుకొంటే ప్రయోజనం లేదు. క్రాన్ అనే కాలపాలకుడికి అప్పగిస్తే అది అయిదు నిమిషాలకు ఒకసారి తప్పక నడిపిస్తుంది. ఇక్కడ మా విద్యార్థులు రెండు చిక్కులు ఎదుర్కొన్నారు. చేతితో నడిపితే చక్కగా పోయిన ఆజ్ఞ, క్రాన్ నడిపితే పోలేదు. మనం కూర్చొని టైపు చేసేటప్పుడు యంత్రానికి తెలిసిన దారులన్నీ క్రాన్‌కు తెలియవు. ఆజ్ఞ ఏ సంచయంలో ఉన్నదో పూర్తి చిరునామాతో వ్రాసిన తరువాత ఆ చిక్కు తీరినది. మరొకనాడు కొలత పోయినది, కాని రేఖాచిత్రంలో కనిపించలేదు. హైదరాబాదు సముదాయంలో వెతుకుతూ ఉండగా అది ముంబయి సముదాయానికి చేరి ఉన్నది. ఏ సముదాయానికి పంపాలో ఆజ్ఞలోనే స్పష్టంగా చెప్పుట మేలు. కొలత పంపే అధికారాన్ని యంత్రానికే పాత్రగా అప్పగించాలిగాని, రహస్య తాళాలను దస్త్రంలో వ్రాసి పెట్టరాదని వారి అధ్యాపకులు చెప్పగా విన్నాము. ఆ పాత్రకు కొలత పంపుట తప్ప వేరు అధికారం ఇవ్వనవసరం లేదు.

ఇంకొక వింత మమ్మల్ని ఆలోచింపజేసినది. ఈ ఆజ్ఞ సఫలమైనప్పుడు తెరమీద ఒక్క మాట కూడ రాదు. దోషముంటేనే నాలుగు పంక్తులు చదువుతుంది. మరి మౌనం విజయమా, లేక ఆజ్ఞ అసలు నడవనే లేదా? "మౌనం అర్ధాంగీకారం" అనే లోకోక్తి యంత్రశాలలో చెల్లదు కదా అన్నాము. ఒక విద్యార్థిని నవ్వి, ముగిసిన ప్రతి ఆజ్ఞా ఒక సంఖ్యను విడిచిపోతుంది సార్, దానిని అడిగి తెలుసుకోవాలి అని చూపినది. తెరమీద సున్న వచ్చినది. ఆ లోకంలో సున్న అంటే విజయం, మరి ఏ సంఖ్య అయినా లోపమే. సున్నమార్కులకు జడిసే పిల్లలకు ఈ సంగతి చాలా నచ్చినది.

సున్న అంటే ఏమీ లేకపోవుట అని సాధారణంగా అనుకొంటాము. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో సున్నను ఒక సంఖ్యగా నిలిపి, దానితో కూడికలకు, తీసివేతలకు నియమాలు చెప్పాడు. సంస్కృతంలోని శూన్యమే తెలుగులో సున్న అయినది. అరబ్బీ పండితులు ఆ శూన్యాన్ని సిఫర్ అని తమ భాషలోకి తీసుకొన్నారు. ఆ సిఫరే ఐరోపాకు వెళ్లి జీరో అయినది. ఉర్దూ తరగతిలో సిఫర్, తెలుగు తరగతిలో సున్న అని మన కళాశాలలో ఒకే వసారాలో వినిపించే రెండు మాటలూ ఒకే భావానికి పుట్టిన బిడ్డలు. సున్నను వ్రాసినవాడు, చూచాను, లెక్కించాను, ఏమీ లేదు అని చెబుతున్నాడు. ఏమీ వ్రాయనివాడు చూచాడో లేదో కూడ మనకు తెలియదు.

హాజరుపట్టీ తెలిసిన విద్యార్థులకు దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. గైరుహాజరు అని గుర్తు పెట్టిన గడికి, అసలు ఏ గుర్తూ లేని గడికి ఎంత భేదం! మొదటిది పేరు పిలిచారు, సమాధానం రాలేదు అని చెబుతుంది. రెండవది ఆనాడు పట్టీయే తెరవలేదేమో అనే అనుమానం కలిగిస్తుంది. అందుకనే సరిచూడవలసిన దరఖాస్తులు ఏవీ లేని దినాన కూడ మా కార్యాలయపు యంత్రం సున్న అని పంపేటట్లు విద్యార్థులు ఏర్పాటు చేశారు. పంపనక్కరలేదు, విశేషం లేదు కదా అన్న వాదం వచ్చినప్పుడు మేము ఉత్తరాల మొదటి పంక్తిని గుర్తుచేశాము.

హెచ్చరికల ఏర్పాటులో కూడ ఇదే నీతి కనిపించినది. మనదేశంలో 2013 జూలైలో టెలిగ్రాం సేవ ముగిసినది. అది ఉన్న రోజులలో టెలిగ్రాం వచ్చినదంటే ఇంటిల్లిపాది గుండె గుభేలుమనేది. తరచు చెడువార్తయే మోసుకొని వచ్చేది. హెచ్చరిక టెలిగ్రాం వంటిది, కొలత ఉత్తరం వంటిది. ఉత్తరాలు మాని టెలిగ్రాంనే నమ్ముకొంటే, అది రాని దినాలన్నీ శుభదినాలని ఎట్లా చెప్పగలము? తీగ తెగిన దినాన కూడ టెలిగ్రాం రాదు. క్లౌడ్‌వాచ్‌లో ప్రతి హెచ్చరికకు మూడు స్థితులు ఉన్నాయి. క్షేమం ఒకటి, అపాయం ఒకటి, సమాచారం చాలదు అనేది మూడవది. తెలియనిదాన్ని తెలియదని చెప్పే ఆ మూడవ స్థితి మాకు ఎంతో నచ్చినది. కొలత రానప్పుడు దానిని ఏమని భావించాలో కూడ మనమే నిర్ణయించవచ్చు. రాకపోవుటను క్షేమంగా ఎంచవచ్చు, అపాయంగా ఎంచవచ్చు, పాత స్థితినే కొనసాగించవచ్చు, లేదా సమాచారం చాలదని ఊరుకోవచ్చు. రాత్రి నకలు తీసే పనికి మా విద్యార్థులు రెండవదానిని ఎంచుకొన్నారు. నకలు తీయుట ముగియగానే ఒకటి అనే విలువ వెళుతుంది. తెల్లవారేసరికి ఆ ఒకటి చేరకపోతే హెచ్చరిక వస్తుంది. నకలు తీసే కార్యక్రమం తప్పిపోయినా, యంత్రమే ఆగిపోయినా, క్రాన్ మరిచినా, చెప్పవలసినవారు చెప్పలేదు అన్న ఒక్క కారణంతోనే సంగతి తెలుస్తుంది.

సరాసరి చేసే మాయ ఒకటి ఉన్నది. తొమ్మిదిమంది పత్రాలు ఒక్కొక్క సెకండులో చేరి, పదవ విద్యార్థి పత్రానికి అరవైయొక్క సెకండ్లు పట్టినదనుకొందాము. సరాసరి ఏడు సెకండ్లు. కాని ఏడు సెకండ్లు నిరీక్షించిన విద్యార్థి ఆ పదిమందిలో ఒక్కరూ లేరు. అందువలన ఎన్నిసార్లు, మొత్తం ఎంత, కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత అనే నాలుగింటిని కలిపి ఒకే ఆజ్ఞలో పంపే వీలు కూడ కల్పించారు. గరిష్ఠం చూసినవారికే ఆ పదవ విద్యార్థి కనిపిస్తాడు. తరగతి ఉత్తీర్ణతశాతం చదివి సంతోషించే మనకందరికీ ఈ లెక్క పనికివస్తుంది. కాలం గడచినకొద్దీ వివరం కూడ పలుచబడుతుంది. నిమిషాల లెక్కలు పదిహేను దినాలు, అయిదు నిమిషాల లెక్కలు అరవైమూడు దినాలు నిలుస్తాయి. గంటల లెక్కలు మాత్రం నాలుగువందల యాభైయైదు దినాల వరకు ఉంటాయి. ఫలానా నిమిషంలో ఏమి జరిగినదో తెలుసుకోవాలంటే జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే అడగాలి.

ఈ కొలతలన్నీ యంత్రాల కోసమే అయితే మేము ఇంత వ్రాయకపోదుము. రెండు వారాలు ఆ నల్లని తెర ఎదుట కూర్చొని మేము ఆలోచించినది మా తరగతి గదిని గూర్చి. ఛందస్సు పాఠం చెప్పి "అర్థమైనదా?" అని అడుగుతాము. తరగతి మౌనంగా ఉంటుంది. అర్థమైనదని ఆనందించి తరువాతి పద్యానికి పోతాము. మేమే కాదు, ఉపాధ్యాయులందరూ తరతరాలుగా చేసే పని ఇది. బయటినుండి మాకు కనిపించేది హాజరుపట్టీ, మార్కుల పట్టిక. ఇంటిలో బియ్యం నిండుకొన్న సంగతి, బస్సు పాసు గడువు తీరిన సంగతి, తండ్రి జబ్బుపడిన సంగతి ఆ పట్టీలలో రావు. మూడుసార్లు కార్యాలయానికి వచ్చి "అలాగే సార్" అని వెళ్లిన ఆ విద్యార్థినికి ఆ నెల హాజరు నూటికి నూరు ఉన్నది.

"అడగందే అమ్మైనా పెట్టదు" అని పెద్దలు అన్నారు. ఆ మాటలో పిల్లలకు హెచ్చరిక ఉన్నది, నిజమే. కాని అడగలేని పిల్లవానిపై భారమంతా వేసి పెద్దలు కూర్చొనరాదు. యంత్రం లోపలి సంగతి తెలియాలంటే ఎవరో ఒకరు ముందుగా ఆజ్ఞ వ్రాసి, వేళ నిర్ణయించి, దారి చూపి, చెప్పే అధికారం ఇవ్వవలసి వచ్చినది. ఆ తరువాతనే అది చెప్పగలిగినది. మన విద్యార్థులకు అటువంటి దారి మనం వేశామా అని సంఘం పెద్దలు, మేము కలిసి ఆలోచించవలసి ఉన్నది.

రెండు చిన్న మనవులతో ముగిస్తాము. మొదటిది సంఘానికి. హెచ్చరికలు చేరే చిరునామా వ్యక్తి పేరుమీద కాక పదవి పేరుమీద ఉండాలి. ఉద్యోగి బదిలీ అయినా, విరమించినా ఆ హెచ్చరికను చదివేవారు ఒకరు ఎప్పుడూ ఉండాలి. చదివేవారు లేని హెచ్చరిక పంపినా పంపనట్లే. అట్లే ప్రతి తరగతికి నెలకు ఒక గంట కేటాయించి, పాఠం గాక విద్యార్థుల కష్టసుఖాలు విడివిడిగా అడిగే ఏర్పాటు చేయాలి. కష్టమేమీ లేదన్నవారి పేరు ఎదుట కూడ ఆ మాట వ్రాసుకోవాలి. అడిగాము అనేదానికి అది గుర్తు. మా శాఖలో ఈ సంవత్సరం దీనిని ఆరంభించాము. మొదటి నెల అందరూ ఏమీ లేదు సార్ అన్నారు. మూడవ నెలలో ఒక అబ్బాయి రాత్రి హోటలులో పనిచేసి ఉదయం తరగతిలో కునుకుతున్నానని చెప్పుకొన్నాడు. వాని ఉదయపు పాఠాన్ని మధ్యాహ్నానికి మార్చగలిగాము.

రెండవది విద్యార్థినీ విద్యార్థులకు. పాఠం తెలియకపోయినా, పుస్తకం లేకపోయినా, ఫీజు కట్టలేకపోయినా, పంపిన పత్రం చేరలేదని అనుమానం కలిగినా, ఒకసారి కాక మూడుసార్లు వచ్చి అడగండి. మూడవసారి కూడ పని కాకపోతే అధ్యాపకుల గదికి రండి. పెద్దల ఎదుట అడుగుట అమర్యాద కాదు. మీరు క్షేమంగా ఉన్నప్పుడు కూడ ఒకసారి వచ్చి ఆ సంగతి చెప్పిపోతే మేము సంతోషిస్తాము.